ఎవరూ కూర్చోని కంప్యూటర్

ఆయనకు ఆట రాదు. ఈ సంగతి ముందే చెప్పేయాలి, లేకపోతే మీరు వేరే మనిషిని ఊహించుకుంటారు. తుపాకులు పట్టుకుని తెరమీద పరుగెత్తే బొమ్మల్లో మనవాడెవడో, అవతలివాడెవడో ఆయనకు చివరిదాకా తెలియలేదు. గెలిచినవాళ్లు కుర్చీల్లోంచి లేచి కేకలు పెడుతుంటే "అయిపోయిందా?" అని అడిగేవాడు. అయినా ఆ రోజుల్లో వనపర్తిలోనో, గద్వాలలోనో, నాగర్‌కర్నూల్‌లోనో ఈ ఆట ఆడిన ఎవరినైనా కదిలించి చూడండి, ఆటగాళ్ల పేర్లు మరిచిపోయి ఉంటారు గానీ ఆయన్ని మరిచిపోయి ఉండరు.

పోయిన నెల ఆయన పోయాడు. కూతురు సుజాత ఫోన్ చేసి, "నాయిన పోయిండన్నా, నిద్రల్నే" అంది. మళ్లీ తనే, "అంకెలు రాసుకున్న నోటు పుస్తకాలు తీసిపెట్టిన. నువ్వు వస్తనంటే ఉంచుత" అంది. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను, అదీ ఆఫీసులో, లిఫ్టు పక్కన నిలబడి.

మేమంతా ఆయన్ని కాకా అనేవాళ్లం. అంతకుముందు ముప్పై ఏళ్లు మార్కెట్ యార్డులో దడ్వాయిగా చేశాడు. రైతు తెచ్చిన పల్లికాయ సంచుల్ని, కొనే సేటు ముందు తూచి బరువు చెప్పే మనిషి దడ్వాయి. అటు రైతుకూ చుట్టం కాకూడదు, ఇటు సేటుకూ చుట్టం కాకూడదు. ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చి అంకె దానంతట అదే కనబడటం మొదలయ్యాక, ఇక తన నోటితో పనేముందని ఇంటికి వచ్చేశాడు. సుజాత కంప్యూటర్ డిప్లొమా చేసి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెడితే, తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తెల్లబనీను, భుజాన తువ్వాల, చెవి మీద పెన్సిలు. దుకాణానికి కాపలాకు కూర్చున్నాడనుకున్నాం. నెల తిరగకుండానే ఆయనే దుకాణం అయిపోయాడు.

నాది వీపనగండ్ల. వనపర్తిలో గది తీసుకుని డిగ్రీ చదువుతున్నానని ఇంట్లో అనుకునేవారు. నేను చదివిందల్లా ఆ దుకాణంలోనే. రెండు వేల నాలుగో, అయిదో. సాయంత్రమైతే అయిదుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు.

ఈ ఆటకు ఒక కంప్యూటర్ పెద్దరికం చేయాలి. అందరి కదలికలూ దానికి చేరితే, ఎవడి గుండు ఎవడికి తగిలిందో అది తేల్చి మిగతావాటికి చెబుతుంది. దాన్నే సర్వర్ అంటారు. మూడు ఊళ్లలోనూ అప్పటి మర్యాద ఏమిటంటే, దుకాణంలో అన్నిటికన్నా మంచి కంప్యూటర్‌ని సర్వర్ చేయడం, అందరికన్నా గొప్ప ఆటగాణ్ణి గౌరవంగా దాని ముందు కూర్చోబెట్టడం. మా దుకాణంలో ఆ గొప్పవాణ్ణి నేనే. నా గుండు తప్పేది కాదు. ఇది నా పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని నేను గట్టిగా నమ్మేవాణ్ణి.

కాక పదిరోజులు చూశాడు. పదకొండో రోజు నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"పిలగా, ఈ కుర్సిల కూసున్న దినం నువ్వే గెలుస్తవు. లేసి వేరేకాడ కూసుంటే సస్తవు. ఏంది కథ?"

"ఇది సర్వర్ గదా కాకా. లెక్క ఈడ్నే అయితది. నాకు జల్ది తెలుస్తది, ఆళ్లకు జర లేటు."

"అంటే ఆడేటోడివీ నువ్వే, తూసేటోడివీ నువ్వే?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "సేటు చేతికి తరాజిచ్చి, రైతును పక్కన కూసోమన్నట్టుంది" అని మళ్లీ వెళ్లి తలుపు దగ్గర కూర్చున్నాడు.

మర్నాడు వచ్చేసరికి నా సింహాసనం లేదు. కంప్యూటర్‌ని తీసి మూలన బల్ల మీద పెట్టించాడు. పాత చిన్న తెర ఒకటి దానికి తగిలించి, ముందు కుర్చీ లేకుండా చేశాడు. గంటల లెక్కన నడిచే దుకాణంలో అందరికన్నా మంచి కంప్యూటర్‌ని ఎవరూ కూర్చోకుండా మూలన పెట్టడమంటే, పాలిచ్చే బర్రెను కట్టేసి పితకనట్టే. సుజాత నెత్తి కొట్టుకుంది.

"నాయినా, ఉత్తగ పెడితే ఎట్ల?"

"ఉత్తగ ఏడున్నది బిడ్డా. అది తూస్తంది."

అంతటితో ఆగితే ఆయన కాక ఎందుకవుతాడు? సర్వర్‌ని వేరు చేసినా ఆట అప్పుడప్పుడు ఆగి ఆగి నడిచేది. పరుగెత్తుతున్న బొమ్మ చటుక్కున ఆగి, రెండడుగుల అవతల తేలేది. మేం తలా ఒక కారణం చెప్పేవాళ్లం. కరెంటు అని ఒకడు, మౌసు అని ఒకడు, దసరాకు కంప్యూటర్లకు కొబ్బరికాయ కొట్టలేదని ఒకడు. కాక మాత్రం సుజాతను కూర్చోబెట్టుకుని ఆ చిన్నతెర మీద ఏ అంకె ఏం చెబుతుందో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. సర్వర్ ఎంత బరువు మోస్తోంది, సెకనుకు ఎన్నిసార్లు లెక్క సరిచూసుకుంటోంది, ఒక్కో కుర్చీ నుంచి మాట వెళ్లి రావడానికి ఎంత ఆలస్యమవుతోంది. ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. అవి చాలన్నాడు.

పొద్దున దుకాణం తెరవగానే, ఒక్క ఆటగాడు కూడా లేనప్పుడు సర్వర్ నడిపించి అంకెలు రాసుకునేవాడు. ఎవరూ ఆడకుండా ఏం కొలుస్తున్నావని అడిగితే నన్ను జాలిగా చూశాడు.

"ముందుగాల ఉత్త తరాజు తూయాలె. తట్టలల్ల ఏం లేకముందే అది ఒక దిక్కు ఒరుగుతుందనుకో, దాన్ని పాసంగం అంటరు. పాసంగం తెల్వనోడు ఎన్ని సంచులు తూసినా అన్నీ దొంగ తూకాలే."

ఆ తర్వాత ఒక్కణ్ణి ఆడమనేవాడు, తర్వాత ఇద్దర్ని. ప్రతిసారీ అంకెను గట్టిగా, యార్డులో పాడినట్టే రాగం తీసి చదివేవాడు. మొదటి కొలతను ఒకటి అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. "లాభం... రెండు... మూడు..." పుస్తకంలో కూడా ఒకటికి బదులు 'లా' అని రాసేవాడు. మీట నొక్కిన వెంటనే రెండు చేతులూ పైకెత్తి అరచేతులు అందరికీ చూపించేవాడు. తూకం దగ్గర దడ్వాయిలు అలా ఎత్తుతారు, తట్టకు నా వేలు తగల్లేదు చూసుకోండి అని. కంప్యూటర్ దగ్గర ఆ అవసరం ఏముంది? మేం పడీపడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు.

ఆ రోజుల్లోనే నేనొక ఘనకార్యం చేశాను. నెట్‌లో ఎక్కడో చదివి, ఆయన లేనప్పుడు సర్వర్‌లో ఆరు సెట్టింగులు ఒక్కసారిగా మార్చేశాను. ఆట నిజంగానే కొంచెం బాగుపడింది. మెచ్చుకుంటాడని ఆశపడి ఆయన రాగానే చెప్పాను.

"మంచిది. ఏది మార్చితే బాగైంది?"

"ఆరు మార్చిన కాకా."

"గదే అడుగుతున్న. ఆరిట్ల ఏది?"

నాకు తెలియదు. అదే చెప్పాను. "ఆరు మందులు ఒక్కసారే మింగి, జరం తగ్గిందని సంబరపడితె ఎట్ల పిలగా? అండ్ల అయిదు ఉత్తయే కావచ్చు, ఒకటి ఇషం కావచ్చు" అన్నాడు. ఆరూ వెనక్కి తిప్పించాడు. వారం రోజులు పట్టింది ఒక్కొక్కటి మార్చి చూడటానికి. తేలిందేమిటంటే, మూడింటితో ఒరిగిందేమీ లేదు, రెండు మంచివి, ఒకటి నిజంగా చెడగొట్టేది. మంచివి రెండూ ఉంచి చెడ్డది తీసేస్తే ఆట ఎలా నడిచిందనుకున్నారు! వెన్న మీద కత్తి పోయినట్టు పోయింది. ఇంకో వారానికి సుజాత దొరికిపోయింది. పెళ్లి సీడీలు రాసిచ్చే పని ఆమె ఆ మూల కంప్యూటర్ మీదే చేసేది. సీడీ తిరిగినప్పుడల్లా అంకెలు పడిపోతున్నాయని పుస్తకం చూపించి, కన్నకూతురు అని చూడకుండా ఆ పని మాన్పించాడు.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా ఇదే. యంత్రాలు ఎందుకు నెమ్మదించాయో చూసి సరిచేయడం. మా ఆఫీసులో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి, పెద్ద చదువులు చదివినవాళ్లున్నారు. బరువు పెట్టకముందే కొలవాలని, ఒకసారికి ఒకటే మార్చాలని వాళ్లు గంట సేపు బొమ్మలు వేసి చెబుతుంటే నేను వెనక కూర్చుని మీసం దువ్వుకుంటాను. ఇది నాకు పల్లికాయ తూచిన మనిషి నేర్పాడు. గర్వమే. ఎందుకుండకూడదు?

అసలు సంగతికి వస్తాను. మూడు ఊళ్ల మధ్యా పోటీ పెట్టుకోవాలని మాకు ఎప్పటినుంచో ఉండేది, పెట్టుకున్నప్పుడల్లా కొట్లాటతో ముగిసేది. గద్వాలలో పెడితే గద్వాల గెలిచేది, నాగర్‌కర్నూల్‌లో పెడితే నాగర్‌కర్నూల్. ఓడినవాళ్లు దొంగాట అని తిట్టుకుంటూ బస్సెక్కేవాళ్లు. ఆ ఏడు చీటీలు వేస్తే వనపర్తి వచ్చింది. నాగర్‌కర్నూల్ వాళ్లు పరీక్షలని ఆడలేదు, చూడటానికి మాత్రం ఇద్దరు వచ్చారు. మిగిలింది గద్వాల, మేము. గద్వాల నాయకుడు ఖాజా. వాళ్ల నాన్నకు అక్కడ చెప్పుల దుకాణం. బక్కగా ఉంటాడు, మాట నెమ్మది, గురి మాత్రం రాక్షసుడిది.

"గెలుసుడు ఓడుడు మీ ఇష్టం," అన్నాడు కాక ముందురోజు. "మన తూకం మీద మాత్రం మాట రావద్దు." ఆయన పరువంతా ఆ మాటలో ఉంది. నా పరువు గెలవడంలో ఉంది. డిగ్రీలో నాకు అప్పటికే రెండు సబ్జెక్టులు తప్పాయి, ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఒక్క దేంట్లోనైనా మొదటివాణ్ణి అనిపించుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది.

వచ్చినవాళ్లు అతిథులు కదా. గోడవైపు కొత్తగా వేసిన వరసలో కూర్చోబెట్టాం. కొత్త కుర్చీలు, నెత్తి మీద కూలర్. మేం వీధివైపు పాత కుర్చీల్లో చెమటలు కక్కుతూ కూర్చున్నాం. మొదటి సగంలో పదిహేను రౌండ్లు. పదకొండు మావి, నాలుగు వాళ్లవి. దుకాణం బయట దాకా జనం. నేను భూమ్మీద లేను.

ఖాజా లేచి నిలబడ్డాడు. "భాయ్, మా ఆట ఆగి ఆగి నడుస్తుంది. కొడితే తగుల్తలేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నడంట!" అన్నాను నేను. మావాళ్లంతా గొల్లుమన్నారు. కాక నవ్వలేదు. పుస్తకం తీసి వేలు పెట్టి చూశాడు. ముందురోజు పొద్దున్నే పది కుర్చీలూ ఒక్కొక్కటే కొలిచి రాసుకున్నాడు, అన్నీ సమానంగానే ఉన్నాయి. అయినా పుస్తకం మూసి, "తట్టలు మార్చుండ్రి" అన్నాడు. "ఆళ్లు ఈడ కూసుంటరు, మీరు ఆడ."

"ఎందుకు కాకా? ఆళ్లు ఓడిపోతుండ్రని..."

"తరాజు మంచిదైతె, తట్టలు మార్చితె ఏమైతది పిలగా?"

మౌసు వదిలి లేచాను. వెళ్లి కూలర్ కింద కూర్చున్నాను. ఒట్టిగా ఒక రౌండు, లెక్కలోకి రాదన్నారు. మొదట అంతా బాగానే ఉంది. అయిదుగురం ఒక్కసారి ఎదురుపడి కాల్చడం మొదలుపెట్టగానే నా తెర బిగుసుకుపోయింది. నా ముందున్నవాణ్ణి నేను నిండుగా కాల్చాను. తెర కదిలేసరికి చచ్చి పడి ఉన్నది నేను.

కాక నా పక్కకు వచ్చి వంగాడు. జనమంతా చూస్తున్నారు.

"ఎట్లుంది పిలగా?"

పదకొండు, నాలుగు. నా కళ్లముందు ఆ రెండు అంకెలే ఉన్నాయి.

"బాగనే ఉన్నది కాకా" అన్నాను.

ఆయన నా కళ్లలోకి ఒక్క క్షణం చూశాడు. మిగతావాళ్లు ఇంకా కాల్చుకుంటుండగానే మూల బల్ల దగ్గరికి వెళ్లాడు. అలవాటు ప్రకారం ఒక్కో కుర్చీ అంకెను రాగం తీసి గట్టిగా చదివాడు. వీధివైపు అయిదూ చిన్న చిన్న అంకెలు. గోడవైపు అయిదూ వాటికి పదింతలు, ఇరవై ఇంతలు. నా కుర్చీ అంకె చదివినప్పుడు ఆయన గొంతు మారలేదు. నావైపు తిరిగి కూడా చూడలేదు. చదవడం అయ్యాక చేతులు రెండూ పైకెత్తాడు. ఆ దుకాణంలో నేను అబద్ధం ఆడానని తెలియనివాడు లేడు. నేను తల దించుకున్నాను.

అప్పుడు ఆయన ఖాజా ముందుకు వెళ్లి, నా సంగతి ఎత్తకుండా, "తప్పు నాది బేటా" అన్నాడు. "ఒక్కొక్క సంచి తూసిన. బండి తూయలే."

ఆయన పొరపాటు అదే. కుర్చీలన్నీ ఒక్కొక్కటిగా కొలిచాడు. అయిదుగురు ఒకే వరసలో కూర్చుని ఒక్కసారిగా కాలిస్తే ఏమవుతుందో ఎప్పుడూ కొలవలేదు. ఆ కొత్త వరస తీగలన్నీ సుజాత పాతది కొనితెచ్చిన ఒక చిన్న పెట్టెలోకి చేరి, అక్కడినుంచి సర్వర్‌కు వెళతాయి. ఒక్కడు ఆడితే అది మోస్తుంది. అయిదుగురు మీద పడితే వేడెక్కి సగం మాటలు మింగేస్తుంది. కుర్చీలు కొత్తవి, కూలర్ కొత్తది, కంటికి కనబడని ఆ పెట్టె మాత్రం పాతది. అతిథులకు మేం చేసిన మర్యాదే వాళ్లను ముంచింది.

సుజాత బజారుకు పరుగెత్తి కొత్త పెట్టె తెచ్చింది. రెండు గంటలు పట్టింది. బిగించాక కాక బయట నిలబడ్డ జనంలోంచి పదిమందిని లోపలికి పిలిచాడు. అందులో ఆట రానివాళ్లే ఎక్కువ. "గెలుసుడు లేదు, ఓడుడు లేదు. నేను చెప్పంగనే అందరు ఒక్కసారి కాల్చుండ్రి" అన్నాడు. కాల్చారు. చదివాడు. అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు మార్చి మళ్లీ కాల్పించాడు. మళ్లీ చదివాడు. రెండు వరసలూ సమానం. అప్పుడు గానీ నెత్తిన చెమట తుడుచుకోలేదు.

"ఇగ మొదలువెట్టుండ్రి. సున్న నుంచి."

నేను లేచి నిలబడ్డాను. "పదకొండు మేం గెలిచినం కాకా!"

"గది గెలుసుడు కాదు పిలగా."

ఆడాం. ప్రాణాలు పెట్టి ఆడాం, నా జన్మలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. రెండు రౌండ్ల తేడాతో ఓడిపోయాం. ఖాజా వచ్చి చెయ్యి ఇస్తే అందుకోకుండా సరాసరి కాక దగ్గరికి వెళ్లాను. "నువ్వు మా ఊరోనివేనా అసలు?" అన్నాను. అంత జనంలో, అంత పెద్దమనిషిని.

"మీ ఊరోన్నే" అన్నాడు. "మీ ఊర్ల తూకం తప్పని ఎవ్వడు అనొద్దు గదా."

నెలరోజులు ఆ దుకాణం వైపు వెళ్లలేదు. కోపమని చెప్పుకున్నాను గానీ, సిగ్గు. ఆ నెలలో ఒకటి మాత్రం చేశాను. ఇంటికి వెళ్లి నాన్నకు నా తప్పిన సబ్జెక్టుల సంగతి చెప్పాను. తర్వాత ఓ సాయంత్రం దుకాణం గుమ్మంలో నిలబడితే, కాక ఏమీ జరగనట్టే, "రా పిలగా, ఆరో కుర్సి జర చూడు, నిన్నటి సంది అంకె పెరిగింది" అన్నాడు. వెళ్లి చూశాను.

మరుసటి ఏడు పోటీ సంగతి మాట్లాడటానికి మావాళ్లు నన్ను గద్వాల పంపారు. ఈసారి గద్వాల వంతు. వాళ్ల దుకాణంలో ఆడాలంటే ఏమేం షరతులు పెట్టాలో, ఎక్కడ గట్టిగా అరవాలో బస్సులో కూర్చుని అన్నీ లెక్కవేసుకున్నాను. ఖాజా బస్టాండు ఎదుట హోటల్లో చాయ్ తాగించాడు. నేను గొంతు సవరించుకోకముందే అతనే మొదలుపెట్టాడు.

"వంతు మాదే. కానీ వనపర్తిల్నే పెట్టుండ్రి భాయ్. మీ కాక దుకాణంల. నాగర్‌కర్నూలోళ్లను గూడ అడిగిన, సరే అన్నరు."

"మీ ఊరు ఇడిసిపెట్టి మా ఊరికొస్తరా? మా జనం ముంగట ఆడుతరా?"

ఖాజా చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకున్నాడు. "ఏడ ఆడినా ఓడినంక దొంగాట అనిపిస్తది భాయ్, నిద్ర పట్టది. ఆడ ఓడిపోతే మాత్రం మేమే ఓడిపోయినం అనుకుంటం. గంతే."

నేను వేసుకున్న లెక్కలన్నీ జేబులోనే ఉండిపోయాయి. తిరుగు బస్సు నిండా జనం. పెబ్బేరులో సగం మంది దిగిపోయారు, నా పక్కనే కిటికీ సీటు ఖాళీ అయింది. కండక్టర్ కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. వనపర్తి దాకా తలుపు దగ్గర నిలబడే వచ్చాను. ఖాజా అన్న ఈ మాట కాకకు నేనే చెప్పాలి, నాకన్నా ముందు ఇంకెవరూ చెప్పకూడదు అనుకుంటూ.